మా వదిన బూరె అక్షరాలు

మొన్న మా మనవరాలు నన్ను కరీంనగర్‌లో కొత్తగా పెట్టిన ఐస్‌క్రీం దుకాణానికి తీసుకుపోయింది. మోకాళ్ల నొప్పులున్న మనిషిని ఐస్‌క్రీం కోసం అంత దూరం నడిపించడం ఏం న్యాయమని మనసులో సణుక్కుంటూ మెట్ల దగ్గర ఆగి తలెత్తి చూశాను. దుకాణం పేరు తెలుగులో రాసి ఉంది. లావుగా, గుండ్రంగా, ఎక్కడా మూల అన్నది లేకుండా, నూనెలోంచి అప్పుడే పొంగి పైకి తేలినట్టున్నాయి అక్షరాలు. ఒక్కో అక్షరం నెత్తిమీద చిన్న తెల్లటి మెరుపు కూడా ఉంది. నేను కదలకుండా నిలబడేసరికి పిల్ల కంగారు పడింది. బోర్డు చూస్తున్నానని తెలిసి నవ్వింది. "గిది రెట్రో ఫాంట్ అమ్మమ్మా. పాతకాలంల బోర్డులు గిట్లనే రాసేటోళ్లట" అంది. ఎవరు రాసేవాళ్లని అడిగాను. "ఏమో, ఎవరో" అంది. ఎవరో ఏమిటి, మా వదిన. దేశంలో గుండ్రటి అక్షరాలన్నీ ఆమే కనిపెట్టిందని నేను అనను. దేశం సంగతి నాకు తెలియదు. మా ఊరి మటుకు వాటిని మొదట రాసింది మా అన్న భార్య. ఆ మాట చెప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లయినా మొహమాటం లేదు.

మా ఇల్లు బస్టాండు నుంచి బజారుకు పోయే దారిలో ఉండేది. ముందు గదిలో అన్న బోర్డుల దుకాణం, వెనక గదుల్లో మా కాపురం. మా ఇంట్లో పప్పుచారు కూడా టర్పెంటు వాసన వస్తుందని చుట్టాలు ముక్కు మూసుకునేవాళ్లు. మాకు మాత్రం ఏ వాసనా తెలిసేది కాదు. బాపు నా చిన్నప్పుడే పోయాడు. అవ్వ, అన్న, నేను మిగిలాం. అన్న నిజాం జమానాలో ఉర్దూ బడిలో చదువుకున్నాడు. బడి మానేశాక ఒక ముసలి ఉస్తాద్ దగ్గర కూర్చుని అందంగా రాయడం నేర్చుకున్నాడు. నల్లటి రేకు మీద తెల్ల రంగుతో అన్న ఉర్దూ రాస్తుంటే కుంచె నీళ్లలో చేప తిరిగినట్టు తిరిగేది. బజారులో పోయేవాళ్లు సంచులు కింద పెట్టి మరీ చూసేవాళ్లు. అత్తరు దుకాణాలు, హకీములు, వకీళ్లు, అందరి పేర్లూ అన్న చేతి మీదుగానే గోడలెక్కాయి. అప్పట్లో మా అన్నకు ఉన్న దర్జా తాలూకాఫీసు పేష్కారుకు కూడా ఉండేది కాదని అవ్వ అంటుండేది. అవ్వ తాలూకాఫీసు ఎప్పుడూ చూడలేదు, అది వేరే సంగతి.

తర్వాత కాలం మారింది. పోలీస్ యాక్షన్ అయింది, ఓట్లు వచ్చాయి, కొన్నేళ్లకు మేం ఆంధ్రప్రదేశ్‌లో కలిశాం. దుకాణాల వాళ్లందరికీ ఒక్కసారిగా తెలుగు బోర్డులు కావాల్సి వచ్చాయి. రాసేవాడికి పండుగ కావాల్సిన కాలం అది. కానీ అన్నకు తెలుగు కుదరలేదు. చదవడం వచ్చు, రాయడం వచ్చు, కానీ రేకు మీద తెలుగు అక్షరం పెట్టేటప్పుడు అన్న చెయ్యి బిగుసుకుపోయేది. సుద్ద దారంతో గీతలు కొట్టుకుని, స్కేలు పెట్టి, ఒక్కో అక్షరాన్ని కట్టెలు పేర్చినట్టు పేర్చేవాడు. అవి తప్పు చేసి బడి ముందు నిలబడ్డ పిల్లల్లాగా బిర్రబిగుసుకుని ఉండేవి. నేనప్పుడే ఆడపిల్లల ప్రాథమిక పాఠశాలలో టీచరుగా చేరాను. కొత్త టీచరునన్న ధైర్యంతో ఒకసారి "అన్నా, జర వంపులు తిప్పరాదే" అన్నాను. అన్న కుంచె ఆపి, "గది అవ్వ భాష. దాంతోని సోకులు చేయబుద్ధి కాదు" అన్నాడు. ఇంతలో కోస్తా నుంచి ఒక పెయింటరు వచ్చి బస్టాండు ఎదురుగా దుకాణం తెరిచాడు. ఆయన తెలుగు అచ్చు పుస్తకంలో ఉన్నట్టే ఉండేది. మంచివాడే, కనబడితే నమస్కారం పెట్టేవాడు. అయితే ఆ నమస్కారంతో పాటు మా గిరాకీ కూడా ఒక్కొక్కటే ఆయన వైపు పోయింది.

వదినది మెట్‌పల్లి. నేతపని ఇల్లు. సన్నగా, చురుగ్గా ఉండేది. నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకునేది, కొంగు వెనక నుంచి కూడా ఆ నవ్వు వినబడేది. ఆమె చిన్నప్పుడు వాళ్ల వాడలో తెలుగు బడి లేదు. వాళ్ల బాపు తెలుగు చదువుకున్న మనిషి. పడుగు నూలుకు గంజి పట్టించేటప్పుడు కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని, గంజిలో వేలు ముంచి నల్లటి గోడ మీద అక్షరం రాసి చూపించేవాడట. తడి ఆరాక అక్షరం తెల్లగా తేలేది. ఆ పిల్ల కూడా వేలు ముంచి దాని మీదే దిద్దేది. వేలికి మూల ఉండదు కదా. అందుకని ఆమెకు వచ్చిన అక్షరాలకూ మూలలు లేవు. మొదలూ గుండ్రమే, చివరా గుండ్రమే, నడుమంతా వేలంత లావు. పెళ్లయి మా ఇంటికి వచ్చాక ఆమె మొదట చేసిన పని వంటింట్లో డబ్బాల మీద సున్నంతో ఉప్పు, కారం, పసుపు అని రాయడం. అవ్వకు చదువు రాదు. అయినా ఆ రాతను చూసి, "పొట్టలు రెండున్నది ఉప్పు" అని గుర్తు పెట్టుకుని ఏనాడూ తప్పకుండా డబ్బా తీసేది. మేం దాన్ని రాత అనుకోలేదు. వంటింటి అలవాటు అనుకున్నాం.

ఆ చలికాలం చివర్లో అన్నకు ఆదిలాబాద్ వైపు పని తగిలింది. పత్తి మిల్లు గోడల మీద మరాఠీలో, ఇంగ్లీషులో రాయాలి. పోయే ముందు అన్నం తింటూ తల ఎత్తకుండానే చెప్పాడు. "గిది అయినంక దుకాణం ఎత్తేస్త. భివండి పోత. ఆడ మగ్గాల మీద పని దొరుకుతదట." అవ్వ చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది. అన్న పోయిన తర్వాత వదిన ముందు గదిలోకి పోయి రంగు డబ్బాలన్నింటికీ మూతలు బిగించి, కుంచెలను నూనె గుడ్డతో తుడిచి వరసగా పెట్టింది. రేపు పనికి వచ్చే మనిషి కోసం సర్దినట్టే సర్దింది. కొన్నాళ్లకు బస్సు డ్రైవరు చేత కబురొచ్చింది, అన్నకు చలిజ్వరం తగిలిందని, తగ్గాక గానీ రాడని.

సరిగ్గా అప్పుడే సోడా చాచా వచ్చాడు. ఆయన మా బాపుకు దోస్తు. గోలీ సోడా బండి నడిపేవాడు. వేములవాడలో శివరాత్రి జాతర దగ్గర పడింది. బండికి తెలుగు బోర్డు కావాలి, ఎందుకంటే కిందటేడు పక్క బండికి తెలుగు బోర్డు పెట్టారట, జనమంతా అటే పోయారట. అన్న లేడని తెలిసి చాచా అరుగు మీద కూలబడ్డాడు. "కోస్తాయన దగ్గరికి పోవచ్చు. కానీ మీ బాపు ముఖం యాదికొస్తది బిడ్డా" అన్నాడు. వదిన తలుపు చాటు నుంచి, "నేను రాస్త చాచా. మంచిగ రాకపోతే తుడిచేస్త" అంది. అవ్వ ఆమె వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. కానీ చాచా ముందు కాదనలేకపోయింది.

పెరట్లో ఎండలో రేకు పరిచాం. నేనే దగ్గరుండి రంగులు కలిపాను, అంటే ఎరుపులో నూనె ఎక్కువ పోసి సగం పాడు చేశాను. వదిన కుంచె పట్టుకుని చూసింది. కుంచె కొస చదునుగా ఉంటుంది, గీస్తే మూలలు వస్తాయి. రెండు మూడు గీతలు గీసి తుడిపేసింది. తర్వాత కుంచె పక్కన పెట్టి, వేలికి గుడ్డ చుట్టుకుని రంగులో ముంచింది. ఒక్క దమ్మున "సోడా" అని రాసింది. ఆ "సో" పొట్ట నిండా గాలి పీల్చినట్టు ఉబ్బింది. "డా" పక్కన ఒరిగి నవ్వుతున్నట్టుంది. చుట్టూ నీలం అంచు కట్టింది. కాసేపు దూరంగా నిలబడి తల అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ వచ్చి ఒక్కో అక్షరం నెత్తిమీద తెల్ల రంగు చుక్కను వేలితో సాగదీసింది. సోడా బుడగ మీద వెలుతురు పడ్డట్టు మెరిసింది. అన్ని రోజుల్లో ఆమె ముఖంలో ఆ వెలుగు నేను చూడలేదు. చాచా వచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు. చివరికి ఎండిన పెదాలు తడుపుకుని ఒకటే మాట అన్నాడు. "గిది జూస్తుంటె దూపైతంది బిడ్డా."

జాతరలో ఆ బోర్డు ఏం చేసిందో చాచా తర్వాత ఏళ్ల తరబడి చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ జనం పెరిగారు. ఆయన అతిశయాన్ని సగానికి సగం తీసేసినా, జరిగింది ఇది. చదువు రానివాళ్లు కూడా పిల్లల చెయ్యి పట్టుకుని, "ఆ ఉబ్బిన అక్షరాల బండి" అని వెతుక్కుంటూ వచ్చారు. అక్కడ పేలాల దుకాణం వాళ్లు, రంగుల రాట్నం వాళ్లు ఎవరు రాశారని అడిగారు. చాచా మా ఇంటి గుర్తులు చెప్పాడు. అన్న జ్వరం తగ్గి, సగమైన ఒంటితో ఇంటికి వచ్చేసరికి అరుగు మీద ముగ్గురు నలుగురు కూర్చుని ఉన్నారు. అందరూ ఆయనకు లేచి నిలబడి, అట్లాంటి అక్షరాలే మాకూ కావాలన్నారు. ఎట్లాంటివో అన్నకు అర్థం కాలేదు. బజారులో చాచా బండి దగ్గరికి పోయి చూసి వచ్చాడు. అన్నం ముందు కూర్చుని, "అవి అక్షరాలా, బూరెలా?" అన్నాడు. కోపమో, వెక్కిరింపో, ఓడిపోయిన మనిషి బాధో నాకు తెలియలేదు. అన్నీ కొంచెం కొంచెం ఉండి ఉంటాయి. వదిన వడ్డిస్తూ, "బూరెలే. ఎవలకు చేదు?" అంది, అంతే. ఆ పేరు అట్లాగే నిలిచిపోయింది. ఊరంతా వాటిని బూరె అక్షరాలనే పిలిచారు.

భివండి మాట అన్న మళ్లీ ఎత్తలేదు. వదిన వెనక వాకిట్లో రాసేది. రేకులు కోయడం, పూత పూయడం, ఆరిన బోర్డు తీసుకుపోయి బిగించడం అన్న పని. ఇద్దరి మధ్యా అవసరానికి మించిన మాట ఉండేది కాదు. ఒక పొద్దున నేను బడికి తయారవుతుంటే ముందు గదిలో అన్న కూర్చుని తన మంచి కుంచె ఒకటి తీసి, బ్లేడుతో దాని కొసలను చాలా జాగ్రత్తగా గుండ్రంగా కత్తిరిస్తున్నాడు. ఆ కుంచె ఉస్తాద్ ఇచ్చింది. దాన్ని మమ్మల్ని ముట్టనిచ్చేవాడు కాదు. కత్తిరించి, రంగులో ముంచి, పాత రేకు మీద గీసి చూసుకుని, మళ్లీ కొంచెం కత్తిరించి, వదిన పీట పక్కన పెట్టి లేచిపోయాడు. వదిన వచ్చి చూసింది. వేలికి చుట్టుకున్న గుడ్డ విప్పేసి ఆ కుంచె చేతిలోకి తీసుకుంది. ఆ రోజు ఆమె రాసింది ఒక మిఠాయి దుకాణం బోర్డు. అంత తియ్యగా ఆమె ఇంకెప్పుడూ రాయలేదని నా అభిప్రాయం.

ఆ తర్వాత బూరె అక్షరాలు ఎక్కడెక్కడికి పోయాయో చెప్పాలంటే ఊరంతా తిప్పి చూపించాలి. కిరాయి సైకిళ్ల దుకాణం మీద, ఫోటో స్టూడియో మీద, బ్యాండు మేళం పెద్ద డోలు మీద, గాలిపటాల అంగడి మీద, మెట్‌పల్లి పోయే బస్సు వెనకాల. బస్సు వెనక "మళ్లీ రండి" అని రాసింది. దుమ్ములో పోతున్న బస్సును చూసి జనం నవ్వుకునేవాళ్లు, ఎందుకంటే అది నిజంగానే చెయ్యి ఊపుతున్నట్టుండేది. కోస్తా పెయింటరు కూడా ప్రయత్నం చేశాడు. ఆయన బూరెలు నూనెలో విచ్చిపోయినట్టు వచ్చాయి. ఆయనే ఒప్పుకుని, అట్లాంటి పని అడిగినవాళ్లను మా ఇంటికి పంపేవాడు. నేను కూడా నా స్వార్థం చూసుకున్నాను. మా బడిలో ఒకటో తరగతి గోడ మీద వర్ణమాల మొత్తం సెలవుల్లో, తలుపులు మూసి వదినతో రాయించాను. నల్లబల్ల మీద నేను రాసే "అ"ను చూసి ఏడ్చే పిల్లలు ఆ గోడ దగ్గరికి పోయి వేలు పెట్టి దిద్దేవాళ్లు. ఆ అక్షరాలు వేలు కోసమే పుట్టినట్టు వేలికి సరిపోయేవి. ఒక రోజు అవ్వ నాకు సద్ది తెచ్చి, పిల్లలు లేనప్పుడు తానూ వేలు పెట్టి చూసుకుంది. "గిది 'అవ్వ'ల ఉన్న 'అ'నేనా?" అని అడిగింది. అదేనన్నాను. కొంగుతో వేలు తుడుచుకుని, ఏమీ జరగనట్టు సద్దిగిన్నె నా చేతిలో పెట్టింది.

అసలు పరీక్ష టాకీసుతో వచ్చింది. ఊళ్లో డేరా సినిమా తీసేసి రేకుల టాకీసు కట్టారు. దాని సేటు ముందు గోడ మీద నిలువెత్తు బూరె అక్షరాలు కావాలన్నాడు. గోడ మా వెనక వాకిట్లోకి రాదు కదా. మనిషే పోవాలి, కట్టెల మంచె ఎక్కాలి, బజారు నడుమ అందరి ముందు నిలబడి రాయాలి. ఆడమనిషి అట్లా ఎక్కడం మా ఊళ్లో ఎవరూ చూడలేదు. అవ్వ వద్దే వద్దంది. "మొగోళ్ల లెక్క మంచె ఎక్కుతదా? నలుగురు నవ్వరా?" అంది. వదిన అన్న వైపు చూసింది. అప్పటిదాకా ఊళ్లో చాలామంది బూరె అక్షరాలు అన్నవే అనుకునేవాళ్లు. ఇంట్లో సంగతి ఇంట్లోనే ఉంది, చాచాకు తప్ప ఎవరికీ కచ్చితంగా తెలియదు. అన్న కావాలంటే సేటుకు కుదరదని చెప్పవచ్చు. తనే ఎక్కి, వదిన గీసిచ్చిన గీతల మీద రంగు నింపవచ్చు. సేటు కూడా అదే అనుకుని, "ఎప్పుడు మొదలు పెడతరు పెయింటర్ సాబ్?" అని అడిగాడు. అన్న కొంచెం ఆగి చెప్పాడు. "రాసేది నేను గాదు సేట్. మా ఇంటామె. నేను మంచె పట్టుకుంట."

పొద్దున్నే పోయాం. వదిన కొంగు నడుముకు బిగించి మంచె ఎక్కింది. అన్న కింద నిలబడి రెండు చేతులతో కట్టెలు పట్టుకున్నాడు. జనం పోగయ్యారు. ఎవరో ఒకడు ఏదో వెకిలి మాట అన్నాడు. ఇంటి దగ్గర వద్దే వద్దన్న అవ్వ అప్పటికే రాగి చెంబుతో నీళ్లు పట్టుకుని వచ్చి మంచె పక్కన పీట వేసుకుని కూర్చుంది. వాడి వైపు తిరిగి, "మా కోడలు రాస్తున్నది. సదువు వస్తె సదువు, లేకుంటె నడు" అంది. అవ్వకు చదువు రాదని నాకు తెలుసు, వాడికి తెలియదు, వాడు నడిచాడు. "టాకీసు" అన్న మాటలో "టా" దీర్ఘం దగ్గర వదిన ఒళ్లంతా వంగి తిరిగింది. కింద జనం కూడా తెలియకుండా అటే ఒరిగారు. సాయంత్రానికి అక్షరాలు పూర్తయి తెల్ల మెరుపులు పడ్డాయి. అన్న మంచె వదలలేదు. ఆమె కిందికి దిగాక ఆయన అరచేతులు చూస్తే కట్టె బెరడు అచ్చులు పడి ఉన్నాయి. జనంలోంచి ఒక పెద్దాయన అన్న భుజం తట్టి, "మంచి రాత" అన్నాడు. అన్న వదినను చూపించి, "ఆమెకు చెప్పుండ్రి" అన్నాడు. నా జీవితంలో గర్వపడే రోజులు చాలా వచ్చాయి. బడి ప్రధానోపాధ్యాయురాలిని అయ్యాను, పిల్లల పెళ్లిళ్లు చూశాను. ఆ సాయంత్రం మేం నలుగురం వరసగా బజారు మీదుగా ఇంటికి నడిచినట్టు మళ్లీ ఎప్పుడూ నడవలేదు.

అయితే బూరె అక్షరాలు అన్నింటికీ పనికిరావని కూడా మాకు తెలిసి వచ్చింది. ఒక ఆఫీసాయన ముచ్చటపడి పన్ను కట్టమనే బట్ట బ్యానరును వాటితో రాయించాడు. జనం దాన్ని చూసి నవ్వుకుంటూ పోయారే గానీ ఎవరూ కట్టినట్టు లేదు. ఒక షావుకారు తండ్రి దినాలకు బట్ట రాయమని వచ్చాడు. వదిన మర్యాదగా, "తాత నవ్వుతున్నట్టు అయితది, వద్దు" అని పంపేసింది. ఇన్నేళ్లలో అన్న సొంతంగా రాయడం దాదాపు మానేశాడు. ఉర్దూ పని తగ్గిపోయింది. తెలుగు ఆయనను ఎవరూ అడగరు. రంగులు కలిపేవాడు, మేకులు కొట్టేవాడు, ఎవరైనా మెచ్చుకుంటే వదినను చూపించేవాడు. ఆ చూపించడంలో గర్వం ఉండేది. కానీ పని లేనప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకుని వాటి వైపు చూసుకుంటూ కూర్చోవడం నేను చూశాను. వదిన కూడా చూసింది.

ఒక కార్తీకంలో లక్సెట్టిపేట నుంచి కొందరు పెద్దమనుషులు వచ్చారు. అక్కడ గోదావరి రేవులో పైకి నీళ్లు మెత్తగా, నిలకడగా కనిపిస్తాయి. ఒకచోట మాత్రం కింద పెద్ద గుంట ఉంది, సుడి ఉంది. అంతకుముందు ఏడాది స్నానాలకు వచ్చిన ఒక పిల్లవాడు అక్కడ మునిగిపోయాడు. వాళ్లు ఆ మాట చెప్పినప్పుడు అవ్వ చెవులు మూసుకుంది. ఆ చోట బోర్డు పెట్టాలి, ఇప్పుడు ఊరూరా బూరె అక్షరాలకే పేరు కాబట్టి అవే రాయాలని అడిగారు. వదిన రేకు వైపు చూసి, తల అడ్డంగా ఆడించింది. "నేను రాయ. నా అక్షరాలు జూస్తె పిల్లలు నీళ్లల్లకు ఉర్కుతరు" అంది. తర్వాత అన్న వైపు తిరిగి, "గిది నువ్వు రాయాలె" అంది. అన్న నవ్వాడు, సంతోషం లేని నవ్వు. "నా రాత ఎవలు సదువుతరు?" అన్నాడు. వదిన చెప్పిన జవాబు ఆ గదిలో అందరూ విన్నారు. "సదువకున్నా మంచిదే. జూసి ఆగుతరు. గదే గావాలె."

అన్న రెండు రోజులు ఆ బోర్డు పనిలోనే కూర్చున్నాడు. స్కేలు తీశాడు, సుద్ద దారం తీశాడు. నల్ల రేకు మీద ఎర్ర రంగుతో, మూలలు మూలలుగా, ఒక్కో అక్షరం చేతులు చాపి దారికి అడ్డం నిలబడ్డట్టు, "లోతు. దిగరాదు" అని రాశాడు. కింద అదే మాట ఉర్దూలో రాశాడు. అక్కడ మాత్రం కుంచె పాత రోజుల్లోలాగా తిరిగింది, కానీ ఆ ఒంపుల్లో కూడా కత్తి పదును ఉంది. వదిన పక్కన కూర్చుని రంగులు కలిపి ఇచ్చింది. ఆ ఇంట్లో ఆ పని ఆమె చేయడం అదే మొదటిసారి.

పున్నమి స్నానాలకు ముందురోజు మేం ముగ్గురం బస్సులో పోయి రేవు దగ్గర బోర్డు నిలబెట్టించాం. మర్నాడు జనం వచ్చారు. దూరంగా రాయి మీద కూర్చుని చూస్తున్నాం. ఒక రైతు ఇద్దరు చిన్న పిల్లలతో వచ్చాడు. పిల్లలు చొక్కాలు విప్పేసి సరిగ్గా ఆ మెత్తటి నీళ్ల వైపే పరుగు తీశారు. ఆ రైతు బోర్డు ముందుకు రాగానే టక్కున ఆగి, "ఆగుండ్రి బిడ్డా" అని ఇద్దరి రెక్కలూ పట్టుకున్నాడు. పక్కన పోతున్న మనిషిని అడిగాడు, "అన్నా, గిదేం రాసిండ్రు? గింత కోపంగ ఉన్నది" అని. ఆయనకు చదువు రాదు. ఆ మనిషి చదివి చెప్పాడు. రైతు పిల్లలను వెనక్కి తిప్పుకుని, జనం స్నానాలు చేస్తున్న లోతు లేని చోటికి నడిపించుకుపోయాడు. ఆ పిల్లలు అక్కడ నీళ్లు చిమ్ముకుంటూ అరుస్తున్న అరుపులు మాకు వినబడుతూనే ఉన్నాయి. అన్న ముఖం గోదావరి వైపు తిప్పుకున్నాడు. వదిన కూడా ఆయన వైపు చూడలేదు, కొంగు అంచు ఆయన ఒళ్లో పెట్టింది, ఆయన దాంతో కళ్లు తుడుచుకున్నాడు.

అప్పటి నుంచి దుకాణంలో రెండు పీటలు. పిలవాల్సిన బోర్డులు వదిన పీటకు, ఆపాల్సిన బోర్డులు అన్న పీటకు. కరెంటు స్తంభాల దగ్గర, మిల్లుల దగ్గర, లోతు బావుల దగ్గర అన్న ఎర్ర అక్షరాలు చాలా కాలం నిలబడ్డాయి. గిరాకీ వస్తే, "పిలిచేదా, ఆపేదా?" అని అవ్వే అరుగు మీద నుంచి అడిగేది, దుకాణానికి తనే యజమాని అయినట్టు. ముగ్గురూ ఇప్పుడు లేరు. గోదావరి రేవులో ఆ బోర్డు కొన్నేళ్లు ఎండకు వెలిసి, వానకు తుప్పు పట్టి, ఒక వరదలో కొట్టుకుపోయిందని విన్నాను. నాకు దాని గురించి దిగులు లేదు. ఆనాడు ఒడ్డు మీద నుంచి వెనక్కి తిరిగిన ఆ ఇద్దరు పిల్లలు ఎక్కడో ఒకచోట ఇప్పుడు తాతలై ఉంటారు. కాలం ఆ రేకును తిన్నది, వాళ్లకు వయసును పెట్టింది.